జోల ఏదీ?

అనగనగా... ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే నేను చెప్పను. అనగనగా ఒక మెట్ట ఊరు. ఆ ఊరి మీద వాన అలిగింది. ఒక ఏడు అలిగింది, రెండో ఏడూ అలిగింది, మూడో ఏడు అసలు మొహమే చూపలేదు.

ఆ ఊళ్లో నాంచారి అని ఒక కూలిమనిషి. కరువులో ఆమె చంటిబిడ్డ పోయింది. దూలానికి కట్టిన గుడ్డ ఉయ్యాల ఖాళీగా వేలాడుతుంటే ఆ తల్లి చూడలేకపోయింది. విప్పి, కొసలు ముడేసి, భుజాన తగిలించుకుంది. ఊళ్లో మిగిలిన పిల్లలకైనా గంజి కాయాలని పొరుగూళ్లకు అడుక్కోవడానికి బయలుదేరింది.

గుడ్డ భుజాన పడితే చాలు, చెయ్యి జోకొట్టేది, నోరు జోల పాడేది. అలవాటు, ఏం చేస్తాం! సాయంత్రం ఆ జోల వినపడగానే ఊరి పిల్లలంతా ఎదురు పరిగెత్తి మూట అందుకునేవాళ్లు.

పొరుగూళ్లవాళ్లు మాత్రం లోపల పసిబిడ్డ ఉందనుకునేవాళ్లు. లేదని చెప్పడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు. ఒకనాడు మొదటి ఇంట్లో ఆమె కొంగులో దోసెడు కొర్రలు పోశారు. రెండో ఇంట్లో దోసెడు జొన్నలు. మలుపు తిరిగి అవి గుడ్డలో పోసుకుంది. మూడో ఇంటి ఇల్లాలు, "ఏదీ, బిడ్డ మొహం చూడనీ" అని గుడ్డ తొలగించింది. లోపల గింజలు!

"ఓసి దొంగదానా! లేని బిడ్డకు జోలలా?"

"లేదని నాకు తెలుసు తల్లీ. ఈ చేతికే తెలీడం లేదు. గింజలు మా ఊరి పిల్లలకమ్మా."

"అయితే ఇక జోల పాడనని ఒట్టెయ్యి. లేదా గింజలు ఇక్కడే గుమ్మరించి పో."

నాంచారి గింజల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఆ సాయంత్రం తన ఊరి పొలిమేర దాకా వచ్చి ఆకలికి కూలబడిపోయింది. ఊరు పిలుపు దూరమే. జోల ఎత్తుకుంటే పిల్లలు వచ్చేవాళ్లే. ఒట్టేసింది కదా, పాడలేదు.

గడపల్లో పిల్లలు చెవులొగ్గి కూర్చున్నారు. "జోల ఏదీ?" అన్నారు. "జోల ఏదీ?" అన్నారు. "ఇంకా జోల ఏదీ?" అని అడిగి అడిగి పస్తు పడుకున్నారు.

తెల్లారి వెతికితే నాంచారి గుడ్డను గుండెకు హత్తుకుని చచ్చిపోయి ఉంది. ఒక్క గింజ నోట వేసుకోలేదు మహాతల్లి.

ఆ గింజల గంజి తాగిన పిల్లలే పెద్దయ్యారు. వాళ్ల నోట 'జోల ఏదీ' నలిగి నలిగి, ఆ భుజం సంచి పేరే జోలె అయిందంటారు. అందుకే అక్కడ జోలె పట్టినవాళ్లు పాడుతూ వస్తారు. వేసేవాళ్లు దాని అడుగున ఎడమచెయ్యి ఆనించి వేస్తారు, పసిబిడ్డ తలకు ఆనించినట్టు. రోజూ వచ్చే పాట ఒకనాడు వినపడకపోతే ఎవరూ ముద్ద ముట్టరు. ముందు పొలిమేర దాకా వెళ్లి చూసొస్తారు.