జంట పొయ్యి మీద రెండు రాజ్యాలు

నాగులేటికి ఇవతల ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే ప్రచండవర్మకు మీసమెంతో రోషమూ అంతే.

ఒకనాడు ఏటికి అవతల తుమ్మలకోట జనం ఉప్పు పన్ను మోయలేక తిరగబడి, వాళ్ళ రాజు రణభీముణ్ణి తరిమేశారు. ఆయన మన రాజుగారికి స్వయానా బావ. ఏరు దాటి వచ్చి ఇక్కడే మకాం పెట్టాడు. పూటపూటా నేతి గారెలు తినడం, "బావా, నా సింహాసనం!" అని ఏడవడం.

రాజుకు రోషం వచ్చింది. "మన సేన వెళ్ళి ఆ జనం పొగరు అణచాలి! యుద్ధం వద్దని ఎవడన్నా నోరు తెరిచాడో, వాణ్ణే సేనకు ముందు నడిపిస్తా!"

సభలో అందరూ తలలు వంచుకున్నారు. సైనికుల్లో చాలామందికి అత్తవారిళ్ళు ఏటికి అవతలే. ఉప్పు పన్నా, ఇక్కడా అంతే మంట. పైగా, సంధి మాట్లాడదామని తుమ్మలకోట జనం పంపిన పెద్దలు కోట బయట ఎండలో నిలబడే ఉన్నారు.

ఆస్థానంలో గుండయ్య అనే చమత్కారి ఉన్నాడు. అతను లేచి, "ప్రభూ, సేన కదిలే ముందు తమరు స్వయంగా పాలు పొంగించడం మన ఆచారం కదా. పొయ్యి నేను వేస్తాను," అన్నాడు.

కోట గుమ్మంలో, ఒకే మంటకు ముందొకటి వెనకొకటి కుండలు కాగే జంట పొయ్యి వేశాడు. రెంటిలోనూ పాలు పోశాడు.

"ముందున్నది తుమ్మలకోట, వెనకది మనం. తమరు ఎవరిని ఉడికిస్తారో ఉడికించండి."

"ఇంకా అడుగుతావేంరా? వాళ్ళనే!" రాజు పట్టుపంచె ఎగగట్టి ముందు కుండ కిందకి కట్టెలు కుక్కాడు.

"ఇంకాస్త తొయ్యి బావా!" అన్నాడు రణభీముడు, గారె నములుతూ.

రాజు తోశాడు. మంట ముందు కుండను దాటుకుపోయి వెనక కుండను చుట్టేసింది. అది బుస్సుమని పొంగి, ముందుకు పారి రాజుగారి కాళ్ళ మీదే పడింది.

"అబ్బా! నేను కట్టెలు పెట్టింది వాళ్ళ కింద కదరా!"

గుండయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"మాట్లాడవేం?"

"నోరు తెరిస్తే సేనకు ముందు నడవాలి ప్రభూ. నాకసలే మోకాళ్ళ నొప్పులు."

రాజు కాలిన కాలి వంక చూసుకున్నాడు. తలలు వంచుకున్న సైనికుల వంక చూశాడు. మెల్లగా వంగి కట్టెలు వెనక్కి లాగాడు. పొంగు సద్దుమణిగింది.

"మన ఉప్పు పన్ను నేటితో రద్దు! సేన ఇళ్ళకు పోవచ్చు. పాపం, ఆ పెద్దల్ని లోపలికి పిలవండి, మజ్జిగ ఇవ్వండి" అని, అంతలోనే పగలబడి నవ్వాడు. "యుద్ధం వద్దని ఒక్క మాట అనకుండా నా కాలు కాల్చి నా రాజ్యం కాపాడావు కదరా గుండయ్యా!" అంటూ తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

"మరి నా సింహాసనం?" అన్నాడు రణభీముడు.

గుండయ్య పీట జరిపాడు. "తుమ్మలకోట కుండ చక్కగా ఉంది దొరా. ఎవరూ కట్టెలు తొయ్యకపోతే దాని పాటికది కాగుతుంది. తమరిలా కూర్చుని ఇంకో గారె తినండి."

ఈసారి రాజుతో పాటు సైనికులూ నవ్వారు.