పోగులు పంచేవాడు

గుర్రాలదిన్నె కుమ్మరి తవిటయ్య మాంసం తినడు. పాలూ నెయ్యీ కూడా ముట్టడు. అయినా పండక్కి స్నేహితులంతా కలిసి మేకను కోస్తే, వాటాల పోగులు పెట్టేది మాత్రం అతనే.

ఆ ఏడు ఊరి దొరగారు కూడా వాటా కలిశారు. తవిటయ్యను చూసి మీసం దువ్వుకుంటూ, "తిననివాడికి ఇక్కడేం పని? ఇవాళ తింటే తిను, లేదా ఈ జట్టులోంచి లేచిపో" అన్నారు.

తవిటయ్యకు అది చిన్ననాటి జట్టు, వదులుకోలేడు. చేతులు కట్టుకుని, "తమరి మాట కాదంటానా? ఇవాళ్టి నుంచి నాకూ ఒక పోగు" అన్నాడు.

కూర్చుని పంచాడు. కార్జమంతా ఒక్క పోగులోకే పోయింది. దొరగారి పోగులో ఎముకలు తేలాయి.

"కార్జం ఏదిరా?"

"నా పోగులో ఉందండి. తినేవాడు పంచితే ఇట్లాగే ఉంటుంది మరి."

"అయితే ఇంకెవరైనా పంచండి" అన్నారు దొరగారు.

అక్కడ తిననివాడు ఇంకొకడు లేడు.

దొరగారు కార్జం వంక ఆశగా చూసి తన వంటవాణ్ణి కేకేశారు.

"మన తవిటయ్యకు పప్పన్నం పెట్టు. అందులో నెయ్యి చుక్క పడిందో, నీ తోలు తీస్తాను."