తీతువు గుడ్ల మీద మరకలు

ఒకప్పుడు, తీతువు పిట్టకి ఇంకా గట్టిగా అరవడం తెలియని రోజుల్లో, ఎండిన ఏటి నడుమ ఒక కేక వినబడింది.

"నూకాలూ! ఓ నూకాలూ! ఇటు రావే!"

పిలిచింది కాకి. నూకాలు ఆ ఏటి ఇసుకలో పుచ్చపాదులు పెట్టుకున్న పడుచుపిల్ల. ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు కుండతో తోడి పాదులకు పోసేది.

కాకి ముక్కుతో చూపించింది. ఇసుకలో చిన్న గుంట. గుంటలో నాలుగు గుడ్లు. మల్లెమొగ్గల్లా ఉన్నాయి. అప్పట్లో తీతువు గుడ్లు అంత తెల్లన.

"తల్లి వదిలేసి పోయింది. ఎంతసేపటినుంచో జాడ లేదు," అంది కాకి.

"నీకెందుకే అంత జాలి? నువ్వు జాలిపడ్డ గుడ్డు ఒక్కటైనా పిల్లయిందా?"

"తినేదాన్నైతే నిన్ను పిలుస్తానా?"

ఆ మాటా నిజమే అనిపించింది. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఇంతలో తుప్పలోంచి ముంగిస తల బయటపెట్టింది.

"నేనైతే అటు చూడనైనా లేదు," అంది మూతి నాక్కుంటూ. దాన్ని ఎవరూ అడగలేదు.

నూకాలు ఆలోచనలో పడింది. ఆ తీతువు రోజూ పాదుల మధ్య తిరుగుతూ సన్నగా పాడేది. ఆ పాట వింటే ఎవరో చాలా దూరంనుంచి తనకోసమే నడిచి వస్తున్నట్టు ఉండేది. అలాంటిది పిల్లల్ని వదిలేసి పోతుందా? ఏమో! తియ్యగా పాడేవాళ్ళంతా మంచివాళ్ళని ఎవరు చెప్పారు?

"మూడు కుండలు పోసేదాకా చూస్తాను. ఈలోగా వస్తే సరే సరి," అంది.

ఒక కుండ పోసింది. కాకి కదల్లేదు. రెండో కుండ పోసింది. ముంగిస కదల్లేదు. మూడో కుండకి చెలమ అడుగంటితే, రెండు చేతులతో నల్ల ఒండ్రు తోడి నీళ్ళు పట్టింది. ఒక కన్ను చెలమ మీద, ఒక కన్ను గుడ్ల మీద. అంతసేపూ గుడ్లని విడిచి పది అడుగులు దాటలేదు.

తల్లి రాలేదు. ఇసుక పెనంలా కాలిపోతోంది.

మనిషి చెయ్యి తగిలిన గుడ్డుని తల్లి ముట్టదని అమ్మమ్మ చెప్పేది. ముట్టుకుంటే తల్లి రాదు. ముట్టుకోకపోతే ఈ కాకీ ముంగిసా గుడ్లని ఉండనివ్వవు! నూకాలు కళ్ళు గట్టిగా మూసుకుని, గుడ్లు నాలుగూ తీసి కొంగులో వేసుకుని, గట్టు మీది పాకలోకి పరిగెత్తింది. అక్కడ బుట్టలో పొదుగుతున్న పెట్ట కింద దూర్చింది.

"ఇవేంటే, ఇలా మొనతేలి ఉన్నాయి? ఎవరి పిల్లలే ఇవి? పెంచాక ఎగిరిపోతే?" అని పెట్ట గునిసింది.

"గొణక్కుండా పొదగవే తల్లీ!"

తిరిగి వచ్చేసరికి తీతువు అక్కడే ఉంది. పొట్ట ఈకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఖాళీ గుంట చుట్టూ గిరగిరా తిరుగుతోంది.

"నా గుడ్లెవరు తీశారు?"

"ముంగిసే!" అంది కాకి.

"కాకే! దాని మొహం చూడు, చెప్పక్కర్లేదు!" అంది ముంగిస.

రెండూ కలబడ్డాయి. ఈకలూ వెంట్రుకలూ లేచాయి. తీతువు నూకాలు వైపు తిరిగింది.

"నువ్విక్కడే ఉన్నావుగా అక్కా. నువ్వు చెప్పు."

గుడ్ల దొంగ అంటుందేమో! నూకాలు చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నేను... పాకకి వెళ్ళాను. చూడలేదు."

"ఎవరు తీసినా ఒక్క మాటనను. కానీ ఈ ఎండలో వాటికి నా పొట్ట తడి తగలాలి. రోజూ నేను నీళ్ళకి పోయేది అందుకే. ఆ తడి లేకపోతే పిల్లలు లోపలే ఉడికిపోతాయి అక్కా."

"నేనే తీశాను! కోడి కింద పెట్టాను!" అని నూకాలు అరిచి, వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

తెచ్చిన గుడ్లని చూస్తే వాటి నిండా నల్ల వేలిముద్రలే. ఒండ్రు పట్టేసి ఎంత తుడిచినా పోలేదు, తెలుపంతా మట్టిరంగైపోయింది. అయినా తీతువు వెనకాడలేదు. తడి పొట్టతో గబుక్కున వాటి మీద కూర్చుంది.

కాకీ ముంగిసా కూడా చెవి ఒగ్గాయి.

ఒక గుడ్డు లోపలినుంచి 'టిక్' మంది. ఇంకోటి. కాసేపటికి మరోటి. నాలుగోది పలికేదాకా నూకాలు ఊపిరి తీసుకోలేదు.

ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఇంతసేపు ఎక్కడ చచ్చావే? మూడు కుండలు పోశాను నీకోసం!"

తీతువు తల దించుకుంది.

"ఆ రెల్లు చాటునే ఉన్నాను. రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాను. ఈకలు ఆరిపోతే మళ్ళీ తడుపుకోవడానికి పోయాను, నువ్వు గుడ్లు తీసింది అప్పుడే కాబోలు. నువ్వు కదిలితే కదా నేను రావడానికి! నిజం చెప్పేస్తున్నా, అక్కా. కాకికన్నా, ముంగిసకన్నా, ఈ ఎండకన్నా... నీకే ఎక్కువ భయపడ్డాను."

అప్పటినుంచే తీతువు గుడ్లు మట్టిరంగులో, నల్ల మరకలతో, రాళ్ళలో రాళ్ళలా ఉంటున్నాయి. అప్పటినుంచే తీతువు చాటున కూర్చుని చూడటం మానేసింది. కాకి వచ్చినా, ముంగిస వచ్చినా, మంచి మనసుతో ఏ పిల్ల వచ్చినా, అల్లంత దూరంలోనే గాల్లోకి లేచి, పొమ్మని గొంతు చించుకుని అరుస్తుంది.