గుమ్మళ్ళవారి పురిటి పంపు

మా కాలవగట్టు మీద తెలివంటే గుమ్మళ్ళవారిదేనండీ. నేను చెప్పడం కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. ఇంట్లో చిన్నా పెద్దా కలిపి పదిహేనుమంది. పొద్దున్న లేస్తే ఒకళ్ళ తెలివిని ఒకళ్ళు మెచ్చుకోవడంతోనే కాఫీలు చల్లారిపోతాయి. వాళ్ళకో పాత లారీ ఉంది. దాని వెనక ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు: "తెలివి మా సొత్తు". లైట్లు మాత్రం లేవు. అక్షరాలు అంత పెద్దవి రాయించాక లైట్లకి చోటెక్కడిదండీ?

ఆ లారీకి డీజిల్ పంపు పోయింది. పోయేది ఏ నెల ముందో పోకూడదూ! సరిగ్గా పక్కింటి రత్నమత్త అరటి గెలలు కోయించిన రోజే పోయింది. పాపం, గాలివానకి తోటంతా పడిపోగా ఆవిడకి మిగిలినవి ముప్ఫై గెలలు. అవి ఆ సాయంత్రం సంతకి పచ్చిగా చేరాలి. కాయ పసుపెక్కిందంటే షావుకారు మొహం తిప్పేసుకుంటాడు. ఆ గెలలే ఆవిడకి ఏడాది గ్రాసం. ఊళ్ళో ఉన్నది ఈ ఒక్క లారీ.

గుమ్మళ్ళ అన్నదమ్ములు ముగ్గురూ, వీర్రాజు, సూరయ్య, గవర్రాజు, తెల్లారగానే ఇంజన్లు బాగుచేసే ఖాసిం మేస్త్రీ దగ్గరికి పరిగెత్తారు. ఆయన నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. కొత్త పంపు చేతికిచ్చి, పడుకునే చెప్పాడు.

"చూడండ్రా. పాతది విప్పినప్పుడు నాలుగు బోల్టులూ వరసగా పట్టుకోండి. కలిపెయ్యొద్దు. కొత్త పంపుకి ఒక్క చుక్క నీళ్ళు తగలకూడదు, నలక పడకూడదు. పురిటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోండి. నడుం కాస్త లొంగగానే నేనొచ్చి బిగిస్తాను."

"మాకు ఇంత ఇదిగా చెప్పాలా బాబాయ్! మేం గుమ్మళ్ళవాళ్ళం," అన్నాడు వీర్రాజు.

"అందుకేరా చెబుతున్నాను," అన్నాడు ఖాసిం.

ఇంటికొచ్చి విప్పడం మొదలెట్టారు. మొదటి బోల్టు ఊడింది. సూరయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని నించున్నాడు. కింద పెట్టరా అంటే, "పట్టుకోమన్నాడు, పెట్టమన్నాడా?" అన్నాడు. నిజమే కదా అనుకున్నారు అందరూ. రెండోది ఊడితే సూరయ్య పెళ్ళాం పట్టుకుంది. మూడోది గవర్రాజు. నాలుగోది విప్పిన వీర్రాజే పట్టుకున్నాడు. వరస తప్పకుండా నలుగురూ బారుగా నించున్నారు. మరి పంపుని పట్టుకునేదెవరు? ఎవరూ లేరు. అంతే! పాత పంపు ధబ్బుమని వచ్చి గవర్రాజు కాలి మీద పడింది.

"చచ్చాన్రోయ్!" అని అరిచాడే గాని, బోల్టు మాత్రం వదల్లేదు.

"శభాష్ రా తమ్ముడూ! అదీ మన వంశం," అన్నాడు వీర్రాజు.

ఇక కొత్త పంపు సంగతి. వాళ్ళమ్మ బుల్లెమ్మ మేస్త్రీ చెప్పిన మాట విని గుండెల మీద చెయ్యేసుకుంది.

"పురిటిబిడ్డని చూసుకున్నట్టా! ఆ మాట ముందు చెప్పరేం వెధవల్లారా! బిడ్డని గోనెసంచిలో తెస్తారా ఎవరైనా?"

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ పురుటి హడావుడిలో పడ్డారు. దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టారు. పంపుకి ఒళ్ళంతా ఆముదం పట్టించారు. లాల పోద్దామంటే నీళ్ళు తగలకూడదాయె. బుల్లెమ్మ తక్కువదా? కాళ్ళు బారజాపుకుని, పంపుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, డీజిల్‌తో లాల పోసింది. కాటుకతో దిష్టిచుక్క పెట్టింది. ఆ తరవాత ఎవరి పోలికా అని తగువు.

"ముక్కు అచ్చం గవర్రాజుదే," అంది పెద్దకోడలు.

"తల మీద ఒక్క వెంట్రుకైనా లేదేంటే అమ్మా?" అన్నాడు సూరయ్య.

"మీ నాన్నకి మాత్రం ఉండేదేంట్రా?" అంది బుల్లెమ్మ.

అప్పుడొచ్చింది రత్నమత్త రొప్పుకుంటూ. "ఒరే వీర్రాజూ, పంపు బిగించార్రా?"

"ష్! మెల్లగా అత్తా. ఇప్పుడే కన్నంటుకుంది."

"ఎవరికిరా?"

"పంపుకి."

రత్నమత్త ఉయ్యాల్లోకి చూసింది. చుక్క పెట్టుకుని పంపు పడుకునుంది. "వదినా, ఇదెప్పుడు బిగిస్తారు?" అంది బుల్లెమ్మతో నీరసంగా.

"పదకొండో రోజు పురుడెళ్ళి, బారసాల చేశాకే గుమ్మం దాటించేది. నీకు మాత్రం తెలీదా?"

"పదకొండు రోజులకి నా గెలలు పండి, కుళ్ళి, ఈగలకి బారసాల చేస్తాయే తల్లీ!"

ఇంతలో పెద్దకోడలు సాంబ్రాణి వెయ్యడానికి గరిటెడు నిప్పులు పట్టుకుని ఉయ్యాల దగ్గరికి బయల్దేరింది. బిడ్డ ఒంటి నిండా డీజిలండీ! రత్నమత్త ఒక్క తన్ను తన్నింది. నిప్పులూ గరిటా వెళ్ళి వాకిట్లో పడ్డాయి. ఈ మంద దగ్గర ఏడ్చి లాభం లేదు, వీళ్ళ దారిలోనే వెళ్ళాలి అనుకుంది ఆవిడ.

"ఛీ! మీరూ మనుషులేనా?" అంది నడుం మీద చేతులేసుకుని. "బిడ్డకి సాంబ్రాణి సరే, పాలేవి? పొద్దున్ననగా పుట్టిన బిడ్డని తల్లి పక్కలో వెయ్యరా?"

"తల్లెవరత్తా?" అన్నాడు గవర్రాజు.

"ఇంజను కాదూ! పాపం, అక్కడ తల్లి ఒడి ఖాళీగా పెట్టుకుని చూస్తోంది. ఇక్కడ మీరు జోలపాటలు పాడుకుంటున్నారు!"

బుల్లెమ్మ భోరుమంది. "అయ్యో నా తల్లీ! ఎంత పాపం చేశామర్రా!"

అంతే. ఉయ్యాల విప్పేశారు. రత్నమత్త తోపుడుబండి తీసుకెళ్ళి ఖాసింని మంచంతో సహా దాని మీద వేసుకొచ్చింది. పంపు మీది గీతా ఇంజను మీది గీతా ఎక్కడ కలవాలో ఆయన మంచం మీంచే చూపించాడు, ఆవిడ చీర బిగించి బోల్టులు బిగించింది. నలుగురూ వరసగా నించుని ఎవరి బోల్టు వాళ్ళు అందించారు. తాళం తిప్పగానే లారీ ఘుర్రుమంది. రత్నమత్త కళ్ళంట నీళ్ళొచ్చాయి.

"బతికించార్రా. గెలలెక్కించండి!"

బుల్లెమ్మ లారీకి అడ్డంగా చేతులు చాపి నించుంది.

"ఏం ఆడదానివే రత్నం? ఇప్పుడేగా బిడ్డని ఒళ్ళో వేశాం. బాలింత చేత ముప్ఫై గెలలు మోయిస్తావా?"

రత్నమత్త నెత్తి కొట్టుకుంది. తల్లి అన్నదీ తనే, బిడ్డ అన్నదీ తనే. ఇంకెవర్ని అనాలి!

"నీ గెలల పూచీ మాది," అంది బుల్లెమ్మ. "గుమ్మళ్ళవాళ్ళం మాట తప్పం." పదిహేనుమందీ కావిళ్ళు కట్టి, మనిషికి రెండేసి గెలలు భుజానికెత్తుకున్నారు. మరి బాలింతని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళతారా? సూరయ్య కావిడి కొసలు కిటికీల్లోంచి బయటికి పెట్టుకుని లారీ తోలుతుంటే, మిగిలినవాళ్ళు పక్కన నడుస్తున్నారు.

మొదటి మలుపు తిరిగారో లేదో బుల్లెమ్మకి చల్లగాలి తగిలింది. "అమ్మో, బాలింత చెవుల్లో దూది పెట్టలేదర్రా!" లారీకి చెవులేవని వెతికితే, ఒక్క పొగగొట్టం కనిపించింది. పాపం ఒంటిచెవిది అనుకుని, లారీ సీటు మీది దిండు చింపి దూదంతా అందులో కూరేశారు. ఇంకేముంది, లారీ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"దూది తీయండ్రా దేవుడా!" అంది రత్నమత్త.

"తీస్తే సన్నిపాతం కమ్ముతుంది," అంది బుల్లెమ్మ.

సంత ఇంకా కోసెడు దూరం. పదిహేనుమందీ కావిళ్ళు భుజాన వేసుకుని, ఖాళీ లారీని తోసుకుంటూ పొద్దు వాలే వేళకి సంతలో దిగారు. గెలలు పచ్చగానే ఉన్నాయి. షావుకారు ఒక్క గెల వదలకుండా అన్నీ దించుకున్నాడు. రత్నమత్త నవ్వాలో ఏడవాలో తెలీక, రెండూ చేస్తూ లారీ మెట్టు మీద కూలబడింది.

వీర్రాజు చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చూశావా అత్తా మా అమ్మ తెలివి? నీ మాట విని గెలలు కూడా లారీలో వేసుంటే, అంత బరువు ఇంత దూరం తొయ్యగలిగేవాళ్ళమా?"

అందులో తప్పెక్కడుందో రత్నమత్త ఇప్పటికీ వెతుకుతోంది.