ఊసులమ్మ చేతిలో మట్టిచట్టి

"...వద్దన్నయ్యా, అట్టా బాబు గెడ్డం పట్టుకుని అడగమాకండి. ఇక్కడి పూజారిగా చెబుతన్నా, ఈ దిబ్బమీద పిల్లల్ని అది అను, ఇది అను అనకూడదు. రా అక్కా, ఇట్టా నీడలో కూర్చో. బాబుని వదిలెయ్యండి, మట్టిలోకే పోతాడు. పోనియ్యండి."

"నేనూ అదే మొత్తుకుంటన్నా తమ్ముడూ. పొద్దున లేస్తే వాడికి పరీక్షే. గోడమీద బొమ్మలు చూపించి ఇదేంటి, అదేంటి అంటాడు ఈయన."

"మూడేళ్ళు నిండినై, ఒక్క మాట లేదు. చూస్తా ఊరుకోమంటావా?"

"డాక్టరుకి చెవులూ అవీ చూపించారుగా? మంచిదే. అమ్మవారు ఆ పని మానమని ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెయ్యాల్సింది వేరే ఉంది. దానికి ముందు కథ వినాలి."

ఇది ఊసులమ్మ దిబ్బండి. మూడు పక్కలా కొల్లేటి నీళ్ళు, ఒక పక్క మీరొచ్చిన కట్ట. గోపురం లేదు, రేకుల పందిరే. అమ్మవారిని చూడండి, నిలబడి లేదు, గొంతుక్కూర్చునుంది. ఒక చెయ్యి ముందుకి చాపి ఉంది, ఆ చేతిలో చట్టి. చట్టి ఖాళీ. కత్తో శూలమో ఉండాల్సిన చేతిలో ఈ ఖాళీ చట్టేందని వచ్చినోళ్ళందరూ అడుగుతారు.

పూర్వం ఇక్కడ కట్ట లేదు, దోనెల మీదే రాకపోకలు. నాంచారయ్య అని ఒకాయన ఉండేవాడు. కొర్రమీను పట్టటంలో ఆయన్ని మించినోడు లేడు. కొర్రమీను గాలి కోసం పైకి తేలిద్ది. తేలినప్పుడు ఊత, అదే అడుగులేని వెదురుబుట్ట, దానిమీద బోర్లెయ్యాలి. చిన్న అలికిడైతే చాలు, బురదలోకి దూరిపోయిద్ది. అందుకని ఆయన దోనెలో మాటనేది ఉండేది కాదు. ఆయన భార్య పేరంటాలు చేపలగంప నెత్తిన పెట్టుకుని సంతలెంబడి తిరిగేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, కనకం. ఇంట్లో చూసేవాళ్ళు లేక, పసిగుడ్డప్పటి నుంచే నాంచారయ్య దాన్ని దోనెలో పడుకోబెట్టుకుని వేటకి పోయేవాడు.

ఏ పిల్లయినా ‘ఉంగా’ అంటే ఇంట్లోవాళ్ళు తిరిగి ‘ఉంగా’ అంటారు కదండీ. కనకం ‘ఉంగా’ అంటే నాంచారయ్య పెదాల మీద వేలు పెట్టి ‘ష్’ అనేవాడు. ప్రేమ లేక కాదు. ఎండ తగలకుండా తన తలగుడ్డ విప్పి పిల్లకి పందిరేసేవాడు. కానీ నోటితో ఒక్క ముక్క లేదు. కొంగని చూసి చెయ్యి చాపితే ‘ష్’. నీళ్ళు తపతప కొడితే ‘ష్’. పిల్ల నేర్చుకుంది. రేవులో ఆడాళ్ళు, "ఎంత బుద్ధిమంతురాలయ్యా నీ కూతురు! మా ఇంట్లో ఉన్నై, కాకులు నయం" అనేవాళ్ళు. ఆయన మురిసిపోయేవాడు. ఆ మురిపెమే కొంప ముంచింది.

నడక వచ్చింది, పళ్ళన్నీ వచ్చినై, మాట రాలేదు. అప్పుడు భయమేసింది. వసకొమ్ము అరగదీసి నాకించారు. తాయెత్తు కట్టించారు. ఆపైన నాంచారయ్య సాయంత్రమయ్యేసరికి పిల్ల మొహం ముందు చేపని ఊపి, "చేప అనవే. అంటేనే బువ్వ" అనేవాడు. కనకం పెదాలు ఇంకా బిగించేది. పగలంతా మాటాడొద్దన్న మనిషే పొద్దుగూకి మాటాడమంటే అదేం చేసిద్ది పాపం.

ఒకరోజు వేటలో కునుకు పడితే, కలలో ముసలమ్మ కనపడి, "పిల్లని దిబ్బమీద దించు, నువ్వూ దిగు" అంది. ఆయన ఆ మాట సగమే విన్నాడు. పిల్లని దించాడు, తను దిగలేదు. కొర్రమీను బాగా పడే కాలం, ఇప్పుడు కుదరదనుకున్నాడు.

దిబ్బమీద నిజంగానే ఒక ముసలమ్మ నత్తగుల్లలు ఏరుకుంటంది. కనకాన్ని పేరడగలేదు, ఊరడగలేదు. పక్కన గొంతుక్కూర్చుని, బురదతో చట్టి చేసి, "పొయ్యి మీద చట్టి" అంది. అని ఊరుకుంది. చానా సేపు ఊరుకుంది. ఆఖరికి కనకం ఒక గుల్ల తీసి చట్టిలో వేసింది.

"ఓహో, నత్తకూర!" అంది ముసలమ్మ. మళ్ళీ ఊరుకుంది. పిల్ల తూటాకు తుంచి వేసింది. "కూరలో ఆకు." పిల్ల ఏది చేస్తే దానికో మాట, ఆ మాటయ్యాక మళ్ళీ పిల్ల వంతు. మర్నాడూ అదే ఆట, ఆ మర్నాడూ అదే. "కుతకుత, కుతకుత" అంటా అంటా మధ్యలో ఆపేసేది. ఒకరోజు ఆ ఆగిన చోట కనకం "కుత" అంది. ముసలమ్మ గంతులెయ్యలేదు, మళ్ళీ అనమని పట్టుబట్టలేదు. "కుతకుత ఉడుకుతంది" అని ఇంకో చిటికెడు ఇసక ఉప్పేసింది. అట్టా ఆడతా ఆడతా పిల్లకి మాటలొచ్చేసినై. దూరంగా దోనెలో ఉన్న తండ్రికి ఒక్కటీ వినపడలేదు, ఆయన ముందుకొస్తే పిల్ల మళ్ళీ పెదాలు బిగించేసేది.

ఒకనాడు ముసలమ్మ, "కూర ఉడికింది. ఇంక తినేవాళ్ళని పిలవాలి" అని చట్టిని నీళ్ళవైపు చాపి ఊరుకుంది. నాంచారయ్య దిబ్బకి దగ్గర్లోనే, మొలలోతు నీళ్ళలో ఊత ఎత్తి నిలబడి ఉన్నాడు. కనకం లేచి పిలిచింది.

"నానా! బువ్వకి రా!"

పుట్టాక కూతురి నోట మాటనేది ఆయన వినటం అదే మొదలు. సరిగ్గా అప్పుడే ఊత కింద పెద్ద కొర్రమీను తేలుతంది. కావాలని కాదండీ. చెయ్యి దానంతటదే పెదాల మీదకి పోయింది.

"ష్! చేప పోయిద్ది!"

చేపా పోయింది, పిల్ల నోరూ మూతపడింది. తానేమన్నాడో ఆయనకి అప్పుడు తెలిసింది. ఊత పారేసి పరిగెత్తుకొచ్చాడు. ముసలమ్మ లేదు. ఆమె కూర్చున్న చోట ఈ రాయి. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

ఆ తర్వాత నాంచారయ్య కొర్రమీను జోలికి పోలేదు, వలేసుకుని బతికాడు. రోజూ ఇక్కడికొచ్చి బురదతో చట్టి చేసి కూర్చునేవాడు. కనకం మాట పోలేదండి. తల్లితో మాటాడేది, బాతులతో మాటాడేది. పెళ్ళయ్యాక తన పిల్లల్ని ఈ దిబ్బమీదకి తెచ్చి ఒకటే ఊసులు. ఆ ఊసులిచ్చిన తల్లి కాబట్టి ఊసులమ్మ అన్నారు. కానీ నాన్న అడుగుల చప్పుడైతే చాలు, గొంతు ఆగిపోయేది. కోపం కాదు. కూడు వండిపెట్టేది, కాళ్ళు పట్టేది. దారినపోతా ఆయన చట్టిలో ఒక గుల్ల కూడా వేసిపోయేది. మాట మాత్రం ఆయన దగ్గర రాదు. అలవాటు అట్టా పడిపోయింది.

అవసానంలో ఆయన్ని ఈ పందిట్లోకే తెచ్చి పడుకోబెట్టారు. కనకం పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి పైకి లేచింది. పెదాల మీదకే పోయిద్దనుకున్నారు అందరూ. పోలేదు. అమ్మవారికి మల్లే కూతురి ముందుకి చాపి, "చేప పోతే పోయిద్దిలే అమ్మా. నేను బువ్వకొచ్చాను. నువ్వు మాటాడేదాకా కూర్చుంటాను" అన్నాడు.

కూర్చోలేకపోయాడు. కనకానికి గొంతు పెగిలి "నానా" అనేసరికి ఆయన లేడు. పాడె కట్టేదాకా ఆ పక్కనే కూర్చుని బువ్వకి రమ్మని పిలుస్తానే ఉందంట.

అందుకే ఇక్కడ ‘ష్’ అనరు. పిల్లలు ఎంత అల్లరిచేసినా పూజ ఆగదు. కొబ్బరికాయ అక్కర్లేదు, ఫోన్లు మాత్రం ఆ గంపలో వెయ్యాలి. అమ్మానాన్నలు బురద కలిపి చట్టి చేసి, పిల్ల ముందు చాపి, పిల్ల వంతు వచ్చేదాకా ఆగాలి. ఒక్కపూటకే మాటొచ్చిద్దని నేను చెప్పనండి. ఇంటికి పోయి రోజూ ఆడాలి. కొందరికి మాటొచ్చిద్ది, కొందరికి సైగే వచ్చిద్ది, దానికీ అమ్మవారు ఊ కొడద్ది. మాటలొచ్చినోళ్ళు పెద్దయ్యాక వచ్చి అమ్మవారి చట్టిలో గుల్ల వేసి, కడుపారా ఊసులాడి పోతారు. పొద్దుగూకగానే చట్టి మళ్ళీ ఖాళీ చేసి పెడతాం, ఇంకో పిల్ల వంతు కోసం.

"నాకిట్టాంటి ఆటలు రావు తమ్ముడూ. ప్యాంటు కూడా..."

"మాసిపోనియ్యవయ్యా, ఉతికేది నేనేగా! అయినా అది చట్టా, చెప్పా?"

"వంకరైనా పర్లేదక్కా. అన్నయ్యా, బాబు ముందు కూర్చుని చాపండి. ఇంక నాంచారయ్య ఆఖరి మాట అనాలి. మగపిల్లాడైనా ‘అమ్మా’ అనే అంటారు, మార్చరు. ఇందాక విన్నారుగా, అనండి."

"చేప పోతే పోయిద్దిలే అమ్మా. నేను బువ్వకొచ్చాను. నువ్వు మాటాడేదాకా కూర్చుంటాను."