అడ్జస్ట్ దొరకని రోజు

ఒక ఊళ్ళో మాటలు కూలికి దొరికేవి. తాపీ మేస్త్రీలు, పెయింటర్లు నిలబడినట్టే, పొద్దున్నే నాలుగురోడ్ల జంక్షన్‌లో మాటలు కూడా నిలబడేవి. ఆ చోటుని అందరూ అడ్డా అనేవాళ్ళు. కావాల్సినవాళ్ళు వచ్చి భుజం మీద చెయ్యేసి తీసుకుపోయేవాళ్ళు. ముందు ఎవరి చెయ్యి పడితే ఆ రోజంతా ఆ మాట వాళ్ళదే. అది అక్కడి పద్ధతి. దాన్ని ఎవరూ తప్పేవాళ్ళు కాదు.

అందరికన్నా ఎక్కువ పని దొరికేది అడ్జస్ట్‌కి. అతనిది ఈ ఊరు కాదు, ఇంగ్లీషు వాళ్ళ దేశం నుంచి వచ్చాడు. అక్కడ అతను చేసేది చాలా చిన్న పనండి. గడియారం ముల్లు జరపడం, కుర్చీ ఎత్తు సరిచెయ్యడం, మిషన్‌లో మర కాస్త బిగించడమో వదులు చెయ్యడమో. అన్నీ వస్తువులతోనే. పని అయ్యాక చేతులు తుడుచుకుని హాయిగా ఇంటికి పోయేవాడు.

ఇక్కడికొచ్చాక అతన్ని మనుషుల మీదకి తోలారు. ఇద్దరు పట్టే సీట్లో ఇంకో ఇద్దర్ని ఇరికించాలంటే అతనే. అద్దె ఇంట్లో నీళ్ళు రాకపోతే అతనే. పెళ్ళి భోజనాల్లో పప్పు నిండుకుంటే అతనే. మొగుడు కొట్టాడని పుట్టింటికొచ్చిన పిల్లని తిరిగి బస్సెక్కించాలన్నా అతనే. ఎక్కడికెళ్ళినా పని ఒకటే. ఎవరో ఒకరు ముడుచుకోవాలి. ఎవరు నోరెత్తరో చూసుకుని వాళ్ళని తొయ్యాలి. తోసీ తోసీ అతని నడుం వంగిపోయింది.

పక్కనే నిలబడే సారీ అప్పుడప్పుడు దెప్పేవాడు.

"నీకేంరా, రోజూ బేరం. నన్ను చూడు. కాలు తొక్కినా నేనే, కారుతో గుద్దేసినా నేనే. గొంతు పోయింది."

"నిన్ను పనయ్యాక పిలుస్తారు. నన్ను ముందే పిలుస్తారు. జరిగేదంతా కళ్ళతో చూడాలి నేను" అనేవాడు అడ్జస్ట్.

ఆ ఊళ్ళో నూకరాజు అని ఒకడు ఉండేవాడు. అడ్జస్ట్‌కి అది పాత బేరం. నూకరాజు పెళ్ళాం వరహాలు జాకెట్లు కుట్టేది. ఆవిడ కుట్టుమిషన్ మొదట్లో ముందుగదిలో, కిటికీ పక్కన, మంచి వెలుతుర్లో ఉండేది. నూకరాజు తమ్ముడు అప్పన్నకి పెళ్ళయింది, మంచం వెయ్యాలన్నారు. నూకరాజు అడ్డాకెళ్ళి అడ్జస్ట్‌ని తెచ్చాడు. మిషన్ వరండాలోకి పోయింది. తర్వాత బండి కొన్నారు, ఎండలో పెడితే పాడవుతుందన్నారు. మళ్ళీ అడ్జస్ట్ వచ్చాడు. మిషన్ మెట్ల కిందకి పోయింది.

మెట్ల కింద పగలు కూడా చీకటే. సూదిలోకి దారం వేళ్ళతో తడిమి ఎక్కించుకునేది వరహాలు. అయినా కుట్టేది. అది తనకున్న ఒక్క పని, తన పేరు చెప్పుకుని మనుషులు గుమ్మంలోకొచ్చే ఒక్క పని.

ఇప్పుడు అప్పన్న ఫ్రిజ్ కొంటున్నాడు. ఫ్రిజ్ వస్తే గదిలో బీరువా మెట్ల కిందకి రావాలి. మిషన్ అటక మీదకి పోవాలి. అటకెక్కిన మిషన్ మళ్ళీ దిగదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"పొద్దున్నే పోయి వాణ్ణి తీసుకొస్తాలే" అని నూకరాజు తమ్ముడితో అంటుంటే వరహాలు విన్నది.

తెల్లారగానే టీ కూడా తాగకుండా ఆవిడే అడ్డాకెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళింది కాదు. కాసేపు తటపటాయించి, అడ్జస్ట్ భుజం మీద చెయ్యేసింది.

"మీరా అమ్మా?" అన్నాడు అడ్జస్ట్. "ఇవాళ ఎవర్ని తొయ్యాలి?"

"ఎవర్నీ వద్దు. వచ్చి కూర్చో."

"ఊరికే కూర్చుంటే కూలి తీసుకోనమ్మా."

"టీ తాగుతావుగా?"

"పోరా నాయనా, పో!" అన్నాడు సారీ వెనక నుంచి. "నాకే ఇలాంటి బేరం తగిలితే మళ్ళీ ఈ జంక్షన్ మొహం చూడను."

వరహాలు అతన్ని మెట్ల కింద, మిషన్ పక్కన గుడ్డల మూట మీద కూర్చోబెట్టింది. గ్లాసులో టీ పోసిచ్చింది.

ఈలోగా నూకరాజు అడ్డాకెళ్ళాడు. అడ్జస్ట్ లేడు.

"నేను ఖాళీయే సార్, రమ్మంటారా?" అన్నాడు సారీ.

"నీతో నాకేం పనిరా" అని విసుక్కుంటూ నూకరాజు ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి వాకిట్లో ఫ్రిజ్ ఆటో నిలబడి ఉంది. నూకరాజు మెట్ల దగ్గరకొచ్చాడు. అడ్జస్ట్ అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. అతని భుజం మీద వరహాలు చెయ్యి ఉంది.

"వరహాలూ, కొంచెం..." అన్నాడు నూకరాజు. ఆ కొంచెం తర్వాత రావాల్సిన మాట రాలేదు. గొంతు సవరించుకున్నాడు. "అదే, ఫ్రిజ్ వచ్చింది కదా, కొంచెం..."

"చెప్పెయ్ అన్నయ్యా, ఆటోవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు" అన్నాడు అప్పన్న.

నూకరాజు ఇంకోసారి నోరు తెరిచాడు. చివరికి ఉన్నదే బయటికొచ్చింది.

"ఈ ఇంట్లో నీ మిషన్‌కి చోటు లేదు. నీ కుట్టుడు ఇంక చాలు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆ మాట కొత్తదేం కాదు, ఇన్నేళ్ళూ వెనకాల ఉన్నదే. ముందు నిలబడేవాడు లేక కంటపడింది, అంతే. అన్నవాడే దాన్ని చూసి జంకాడు.

"వరండాలోకి జరపమన్నప్పుడు కూడా ఇదేనా చెప్పింది మీరు?" అంది వరహాలు. అరవలేదు. మామూలుగానే అడిగింది.

"అది కాదే... నేనెప్పుడన్నాను అలాగ?"

"ఇప్పుడేగా అన్నారు."

నూకరాజు ఆవిడ మొహం చూడలేకపోయాడు. "ఫ్రిజ్ వరండాలో దింపించరా, ఇవాళ్టికి" అని తమ్ముడికి చెప్పి బయటికెళ్ళిపోయాడు.

వరహాలు ఆ రోజంతా కుట్టింది. మిషన్ చప్పుడు వింటూ అడ్జస్ట్ మూట మీదే నిద్రపోయాడు. లేచేసరికి సాయంత్రమైంది. ఎంత పడుకున్నా అలుపు తీరినట్టు లేదు అతనికి.

"అమ్మా, రేపు ఆయన ముందొస్తే నేను ఆయన వెంట రావాల్సిందే" అన్నాడు. "ఈ మిషన్ నా చేతుల్తోనే అటకెక్కించాలి. వద్దనడం నాకు రాదు."

"తెలుసు. రేపు ఇంకా ముందొస్తా."

"అలా ఎన్నాళ్ళమ్మా?"

వరహాలు దారం పంటితో తెంపి, ఇంకో జాకెట్ అందుకుంది.

వరండాలో ఫ్రిజ్ అడ్డంగా ఉంది. అందుకని అడ్జస్ట్ వంటింట్లోంచి పెరటి గుమ్మం వైపు నడిచాడు. గ్యాస్ సిలిండర్‌కీ బియ్యం డ్రమ్ముకీ మధ్య ఇరుకులో చిన్న మంచం ఉంది. దాని మీద వరహాలు అత్తగారు కూర్చుని ఉంది. అప్పన్న పెళ్ళప్పుడు నడిమింట్లోంచి ఆ మంచాన్ని ఇక్కడికి తోసింది అడ్జస్టే. ఆ రోజు ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మిషన్ మెట్ల కిందకి పోయినప్పుడూ అనలేదు.

అతను తలొంచుకుని దాటిపోబోయాడు.

"ఆగు నాయనా" అంది ఆవిడ. వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆ అడ్డా ఎటు పక్కన? ఇన్నేళ్ళలో నేనెప్పుడూ రాలేదు."

"పాలబూత్ దాటాక ఎడమ చేతి వైపు, పెద్దమ్మా. చాలా దూరం. నడవగలరా?"

"రేపు మావాడు నిద్ర లేవకముందు బయల్దేరితే నిన్ను అందుకుంటాను కదా?"

అని మంచం కిందకి వంగి, చెప్పుల కోసం తడుముకుంటోంది.