సాయంత్రం సిగ్నలు

ఓట్లడగడానికి వచ్చేవాళ్లకు ఏనాడూ అడ్డురాని కొండ, ఇంటర్నెట్ వైరు దగ్గరికొచ్చేసరికి గోగులపాడుకు అడ్డమైంది. అందుకే సింగారమ్మ వైరు లేని కనెక్షన్ వెతుకుతోంది. ఆమె కోడలు నీలవేణికి పుట్టుకతో వినపడదు. రేవులో పనిచేసే మొగుడితో రోజూ సాయంత్రం వీడియోలో చేతులతోనే మాట్లాడుతుంది. బొమ్మ ఆగితే మాట ఆగినట్టే.

కంపెనీ ఆఫీసరు పట్టాభి మిట్టమధ్యాహ్నం వచ్చి, కిటికీలో టవరు సిగ్నలు అందుకునే పెట్టె పెట్టి, దానితో తన ఫోన్‌లో సినిమా పరుగెత్తించాడు. "చూశావా? సంతకం పెట్టు!"

"మధ్యాహ్నం బస్సు ఖాళీగానే ఉంటుంది బాబూ. మేమెక్కేది సాయంత్రం బస్సు. గోంగూర వండాను, భోంచేసి అప్పటిదాకా ఉండండి."

"సిగ్నలుకీ బస్సుకీ పోలికేంటమ్మా!" అంటూనే పట్టాభి విస్తరి ముందు కూర్చున్నాడు. తిని, కునుకు తీశాడు.

పొద్దువాలింది. ఊరంతా పొలాల నుంచి వచ్చి అదే టవరు మీద ఫోన్లు పట్టింది. సరిగ్గా అప్పుడే పట్టాభిని పై ఆఫీసరు వీడియోలో పిలిచాడు. ఆయన తిట్టడానికి తెరిచిన నోరు తెరమీద అలాగే నిలిచిపోయింది. నీలవేణి నవ్వుతూ చేతులు తిప్పింది.

"ఏమంటోందమ్మా?" పట్టాభి గొంతు తగ్గింది.

"ఇంకో రకం ఉంటే తెమ్మంటోంది. భోజనం మళ్లీ మనింట్లోనేనట."

మర్నాడు పట్టాభి టవరుతో పనిలేకుండా ఉపగ్రహం నుంచే సిగ్నలు పట్టే గొడుగంత డిష్షు తెచ్చి ఇంటికప్పు మీద బిగించాడు. సింగారమ్మ సంతకానికి కలం అడిగింది.

"తొందరేముందమ్మా," అన్నాడు పట్టాభి విస్తరి ముందు కూర్చుంటూ. "పొద్దువాలనీ."